గోధుమ సరిపడని దేహము - గుర్తింపవలసిన చిహ్నములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు వత్సరములు ఒక పల్లెలో పుస్తకముల బీరువా తలుపు మూతపడకుండ నిలుపుట సామాన్యమైన కార్యము గాదు. ఆ కార్యమును సాధించిన మీకు నా హృదయపూర్వక అభినందనములు. గ్రంథాలయము కథలకును కావ్యములకును మాత్రమే నిలయము గాదనియు, ఇంటింటి యారోగ్యమునకు పనికివచ్చు తెలివిని పంచుటయు దాని ధర్మమేననియు నమ్మువాడను గనుక, వైద్యవృత్తిలో నున్న నేను నేడు ఒక వ్యాధిని గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. గోధుమలోని జిగురు కొందరి దేహములకు సరిపడదు. ఆ సంగతిని ఏ చిహ్నములచే గుర్తింపవలెనో అదియే నా విషయము.

ఆత్రేయపురమున నిలిచి గోధుమను గూర్చి మాటలాడుట వింతగా తోచవచ్చును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి ఈ డెల్టా వరిచేల సీమగా వర్ధిల్లినది. మీ గ్రామమునకు దేశమంతట పేరు తెచ్చిన పూతరేకు సైతము బియ్యపు బిడ్డయే. నానబెట్టి రుబ్బిన బియ్యపు పలుచని పిండిలో బట్టను ముంచి, బోర్లించిన వేడి కుండపై నొక్కమారు లాగినచో పొర లేచివచ్చును. 2023లో భౌగోళిక గుర్తింపును పొందిన ఆ పొరలో గోధుమ రేణువైనను లేదు. ఇట్టి యూరిలో గోధుమ తగవు ఎందులకని మీరడుగవచ్చును.

అడిగిన ప్రశ్నకు మన వంటిండ్లే సమాధానము చెప్పును. ఉదయపు ఉప్మాకు బొంబాయి రవ్వ, సాయంకాలమునకు మైసూరు బజ్జీ, మధుమేహము వచ్చినవారికి రాత్రి చపాతీలు, బడి పిల్లలకు బిస్కత్తులు, పండుగకు బొబ్బట్లు, కజ్జికాయలు, పెండ్లికి తాపేశ్వరపు మడతకాజాలు. ఇవన్నియు గోధుమలో పుట్టినవే. రవ్వ గోధుమదనియు, మైదా గోధుమదేననియు తలచనివారు నేటికిని గలరు. "మా యింట గోధుమ వాడము" అని చెప్పి, రవ్వదోసె వడ్డించు గృహిణులు లేకపోలేదు. కాబట్టి గోధుమ మన యింటికి ఎన్నడో వచ్చినది. మనమే దానిని పేరుపెట్టి పిలుచుట లేదు.

ఈ జిగురు ఏమో చూడగోరువారు ఇంటనే చూడవచ్చును. గోధుమపిండిని గట్టిగా తడిపి ముద్దచేసి, కొంతసేపు నాననిచ్చి, ఆ ముద్దను నీటిలో పిసుకుచు కడుగుడు. తెల్లని గంజి నీటితో పోవును. చేతిలో సాగెడి, రబ్బరువంటి పదార్థము మిగులును. దానినే గ్లూటెను అందురు. ఇటలీలో బొలోనా నగరపు పండితుడు బెక్కారి దీనిని వేరుపరచిన విధమును 1745లో ప్రకటించెను. చపాతీ చిరుగకుండ సాగుటకును, రొట్టె పొంగుటకును ఈ జిగురే కారణము. బియ్యపు పిండిని ఎంత కడిగినను ఇట్టిది చేతికి చిక్కదు. గోధుమతోపాటు బార్లీలోను, పాశ్చాత్యులు తిను రై ధాన్యములోను దీని జ్ఞాతులు గలవు.

ఇది అందరికిని విషము గాదు. లోకములో అత్యధికులు గోధుమను తిని సుఖముగా నున్నారు. కాని ఇంచుమించు నూటికొక్కరి దేహమునందు ఈ జిగురు ఒక కలహమును పుట్టించును. మన చిన్నప్రేగు లోపలి గోడ నున్నని గోడ గాదు; మకమలు గుడ్డవలె సన్నని నూలుపోగుల వంటి మొలకలతో నిండియుండును. అన్నసారమును పీల్చునవి ఆ మొలకలే. గ్లూటెను పూర్తిగా జీర్ణము గాక మిగిలిన తునుకలను, ఈ వ్యాధిగల వారి దేహరక్షక బలము శత్రువుగా భ్రమించి యుద్ధమునకు దిగును. ఆ యుద్ధములో నలిగిపోవునది సొంత ప్రేగే. మొలకలు కురచయై, తుదకు చదునగును. తిన్న తిండి పీల్చువారు లేక బయటికి పోవును. దీనినే వైద్యులు సీలియాక్ వ్యాధి యందురు. ఇది అంటువ్యాధి గాదు. వంశమున వచ్చు గుణముపై నాధారపడినది. ఒకరికి వచ్చినచో వారి తల్లిదండ్రులలో, తోబుట్టువులలో, బిడ్డలలో ఇంచుమించు పదిమందిలో నొకరికి ఉండవచ్చును.

ఈ వ్యాధి కథ యందొక గొప్ప పాఠము గలదు. 1888లో లండను వైద్యుడు సామ్యూల్ జీ దీని లక్షణములను చక్కగా వర్ణించి, నయమగుట యున్నచో అది ఆహారము మూలముననే యని యూహించెను. కాని దోషి ఎవరో ఎరుగడు. 1924లో న్యూయార్కునందలి హాస్ అను వైద్యుడు ఇట్టి పిల్లలకు అరటిపండ్లు ముఖ్యముగా పెట్టి, రొట్టెలు మాన్పించి, వారిని బాగుచేసెను. కీర్తి యంతయు అరటిపండునకు దక్కెను. రావులపాలెము సంతకు దగ్గరనున్న మనకు ఆ మాట వినుటకు ఇంపుగానే యుండును గాని, బిడ్డలను బ్రతికించినది పెట్టిన అరటిపండు గాదు, మాన్పించిన రొట్టె. అసలు దొంగను పట్టినవాడు హాలెండు దేశపు బాలవైద్యుడు డికె. ఆయనకు యుద్ధమునకు పూర్వమే గోధుమపై అనుమానము గలిగెను. 1944-45 శీతకాలమున ఆ దేశమున ఘోరమైన కరవు వచ్చి, రొట్టె దొరకుట గగనమయ్యెను. ఊరంతయు చిక్కిపోవుచుండగా ఈ రోగపు పిల్లలు మాత్రము తేరుకొనిరి! యుద్ధము ముగిసి రొట్టె తిరిగి రాగానే మరల నీరసించిరి. 1950లో ఆయన తన పరిశోధనమును గ్రంథముగా సమర్పించెను. ఒక వస్తువు మానినప్పుడు బాగుపడితిమని చెప్పుట చాలదనియు, అది తిరిగి చేరినప్పుడు ఏమాయెనో కూడ చూడవలెననియు ఈ చరిత్ర మనకు నేర్పుచున్నది.

ఇక మన దేశపు మాట. ఉత్తర, ఈశాన్య, దక్షిణ ప్రాంతములలో 23,331 మంది పెద్దలను పరీక్షించిన ఒక పరిశోధనము 2016లో వెలువడినది. వ్యాధి ఉత్తరమున వేయింటికి 8.53 మందికిని, ఈశాన్యమున 4.66 మందికిని ఉండగా, దక్షిణమున 0.11 మందికి మాత్రమే కనబడెను. మనవారి పుట్టుకలో ఆ గుణము లేక కాదు సుమా! వ్యాధికి దారితీయు వంశగుణము ఉత్తరమున 38.1 శాతము మందిలో నుండగా, దక్షిణమున 36.4 శాతము మందిలో నున్నది. తేడా యంతయు కంచములో నున్నది. ఉత్తరాదివారు దినమునకు సగటున 455 గ్రాముల గోధుమను తినుచుండగా, దక్షిణాదివారు తినునది 25 గ్రాములే. అనగా నిప్పురవ్వ రెండు ఇండ్లలోను సమానమే. మన యింట గడ్డివామి చిన్నది. ఆ గుణమున్న వారిలోనైనను ఎక్కువమందికి వ్యాధి ఎన్నడును రాదు. అయినను చపాతీలును మైదా వంటకములును పెరిగినకొలదియు, మన పిల్లలు ఢిల్లీకిని, దుబాయికిని, అమెరికాకును పోయి గోధుమ తిండికి అలవాటుపడినకొలదియు, దాగియున్న వ్యాధి బయటపడుటకు అవకాశము హెచ్చును. మనకు రాదను ధైర్యముతో చూడకపోవుట వలననే నిజముగా వచ్చినవారికి ఏండ్ల తరబడి పేరు తెలియని బాధ మిగులుచున్నది.

తల్లులారా, మొదట మీకు పిల్లల సంగతి చెప్పెదను. తల్లిపాలు త్రాగునంత కాలము చక్కగా నున్న బిడ్డ, గోధుమ చేరిన తిండి మొదలైన కొన్ని మాసములకు దిగజారుట మొదటి చిహ్నము. అంగన్‌వాడీలో నిచ్చు బాలామృతమున ప్రధానమైనది గోధుమయే. అది మంచి ఆహారము, భయపడి మాన్పింపరాదు. వేళ మార్చి పెట్టుటవలన వ్యాధి తప్పదని 2014లో ప్రకటితములైన పరిశోధనములు తేల్చినవి. కాని ఆ వయస్సున బిడ్డను కనిపెట్టి చూచుట అవసరము. మలము పలుచగా, అధికముగా, జిడ్డుగా, దుర్గంధముతో వారముల తరబడి యగుట; పొట్ట ఉబ్బి కాలుసేతులు పుల్లలగుట; చిరచిరలాడుచు ఆటకు పోకుండుట; అంగన్‌వాడీ తూకపు పట్టికలో గీత పైకి పోక నిలిచిపోవుట. ఇవి కలిసి కనబడినచో ఉపేక్షింపరాదు. కొందరి బిడ్డలకు విరేచనములే యుండవు, మలబద్ధమే యుండవచ్చును. వయస్సునకు తగిన ఎత్తు పెరుగకపోవుట, పంటి పింగాణిపై మచ్చలు, గుంతలు, ఈడు వచ్చుట ఆలస్యమగుట, ఇవి మాత్రమే చిహ్నములుగా నుండవచ్చును. "తాతగారి పోలిక, పొట్టివాడే" అని సరిపెట్టుకొనుటకు ముందు ఒకమారు వైద్యునకు చూపుడు.

పెద్దవారిలో ఈ వ్యాధి మారువేషమున తిరుగును. ఎన్ని ఇనుప మాత్రలు మ్రింగినను రక్తము పట్టకపోవుట దాని ముఖ్యమైన వేషము. ఇనుమును పీల్చుకొను చోటు చిన్నప్రేగు మొదటి భాగము. ఈ వ్యాధి మొదట దెబ్బతీయునది సరిగా ఆ చోటినే. అందుచే పుచ్చుకొన్న మందు పుచ్చుకొన్నట్లే పోవును. "కోడలు మాత్రలు సరిగా వేసికొనుట లేదు" అని అత్తగారు నిందించుటయు, ఆమె కన్నీరు పెట్టుకొనుటయు జరుగు ఇండ్లలో కొన్నిటియందు దోషము కోడలిది గాక ప్రేగుదై యుండవచ్చును. తరచు నోరు పూయుట, తీరని నిస్సత్తువ, కడుపుబ్బరము, బరువు తగ్గుట, ఎముకల నొప్పి, చిన్న దెబ్బకే ఎముక విరుగుట, కాలుసేతుల తిమ్మిరి, కారణము తెలియని గర్భస్రావములు, సంతానము కలుగకపోవుట మిగిలిన వేషములు. మోచేతులు, మోకాళ్ళు, పిరుదులమీద రెండువైపుల సమముగా మిక్కిలి దురదగల చిన్న పొక్కులు లేచుట ఈ వ్యాధి చర్మముపై వ్రాయు సంతకము. బాల్యముననే ఇన్సులిను అవసరమైన మధుమేహము గలవారును, థైరాయిడు గ్రంథి వ్యాధి గలవారును, ఈ వ్యాధి యున్నవారి రక్తసంబంధులును మరింత జాగరూకులై యుండవలెను.

అయితే చిహ్నములన్నియు ఈ వ్యాధికే చెందినవని తలంచుట పెద్ద పొరపాటు. మన పల్లెలలో రక్తహీనతకు ఇనుము చాలని తిండి, కొంకిపురుగులు, స్త్రీలకు నెలసరిలో అధిక రక్తస్రావము మొదటి కారణములు. విడువని విరేచనములకు పాలు పడకపోవుట, ప్రేగులలో చేరిన సూక్ష్మక్రిములు, ప్రేగుల క్షయ మొదలైనవి కారణములు కావచ్చును. పూర్వులు గ్రహణి, సంగ్రహణి అని పిలిచిన బాధలలో ఇట్టివి అనేకము కలిసియున్నవి.

వానిలో ఒకదానితో మన గోదావరి సీమకు విడరాని సంబంధమున్నది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులు స్ప్రూ అను ప్రేగుల వ్యాధికి బలియైరి. ఆ వ్యాధిలోను ప్రేగు మొలకలు కురచయగును, రక్తము క్షీణించును, మనిషి శల్యమగును. పైకి చూడ సీలియాక్ వ్యాధికి కవలపిల్ల. సుబ్బారావుగారు 1923లో అమెరికాకు పోయి, తరువాత లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధకులకు నాయకుడై, 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయు కార్యమును నెరవేర్చిరి. అది స్ప్రూ రోగులకు ప్రాణము పోసినది. ఆయన నాయకత్వముననే 1948లో ఆరియోమైసిను వెలువడినది. ఆ జాతి మందులును నేడు ఈ వ్యాధి చికిత్సలో భాగమైనవి. ఆ సంవత్సరముననే ఆయన కన్నుమూసిరి. ఇచ్చట గమనింపవలసిన దేమనగా, స్ప్రూ మందులకు లొంగును, గోధుమ మానినందువలన పోదు. సీలియాక్ వ్యాధి గోధుమ మానినచో లొంగును, ఆ మందులతో పోదు. కవలలను వేరుచేసి చూపునది పరీక్షయే గాని, మన యూహ గాదు.

మరి రెండు విధములైన గోధుమ బాధలును గలవు. గోధుమ తిన్న నిమిషములలోనో, గంట రెండు గంటలలోనో దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసము వచ్చుట వేరొక వ్యాధి. దానిని ఎలర్జీ యందురు. ఆయాసము వచ్చినచో క్షణము ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. ఇంకొక విధమున పరీక్షలన్నియు బాగుండును, ప్రేగు చెడదు. అయినను గోధుమ తిన్న దినమున కడుపుబ్బరము, తలనొప్పి, బడలిక గలుగును. గోధుమలోని జిగురు గాక, ఒక జాతి పిండిపదార్థము పులియుటయే వీరిలో పలువురి బాధకు మూలమని నేటి పరిశోధకుల యభిప్రాయము. వీరు గోధుమను తగ్గించుకొనిన చాలును. జీవితాంత నియమము అక్కరలేదు.

ఇప్పుడు నేను చెప్పబోవు మాటను ఈ సభనుండి ఒక్కటి మాత్రమే తీసికొనిపోవువారు దీనిని తీసికొనిపోవుదురు గాక: పరీక్షకు ముందు గోధుమను మానరాదు. అనుమానము కలుగగానే గోధుమ మానివేయుట సహజము. సెలవులకు తాతగారింటికి వచ్చిన బిడ్డ వరియన్నముతో తేరుకొని, పట్టణమునకు పోగానే మరల నీరసించినచో ఆ గమనిక మిక్కిలి విలువైనది. దానిని తేదీలతో వ్రాసి వైద్యునకు చూపుడు. కాని మానిన కొన్ని మాసములకు రక్తములోని సాక్ష్యము చెరిగిపోవును, ప్రేగు మొలకలు మరల చిగిర్చును. పరీక్ష "ఏమియు లేదు" అని పలుకును. నేరస్థుడు ఊరు విడిచిన పిదప పంచాయితీ పెట్టినట్లగును. అప్పుడు వారముల తరబడి మరల గోధుమ తిని బాధపడి పరీక్షకు పోవలసివచ్చును.

పరీక్ష సులభమే. టిష్యూ ట్రాన్స్‌గ్లుటామినేజు అను పదార్థమునకు ఎదురుగా పుట్టిన ప్రతిరక్షకములను రక్తమున చూతురు. ఈ పదార్థము పాత్రను 1997లో జర్మనీ పరిశోధకులు కనిపెట్టిరి. దానితోపాటు ఐజిఎ మొత్తమును కూడ చూడుమని అడుగవలెను. కొందరికి పుట్టుకతో అది తక్కువై, వ్యాధి యుండియు పరీక్ష లేదని చెప్పును. రక్తము సాక్ష్యము చెప్పినచో, పెద్దలకు నోటిద్వారా సన్నని గొట్టమును పంపి, ప్రేగు తునుకను తీసి నిర్ధారింతురు. రాజమహేంద్రవరము, కాకినాడల వంటి పట్టణములలో జీర్ణకోశ వైద్యులున్నారు. దూరపు ప్రయాణము అక్కరలేదు.

వ్యాధి నిశ్చితమైనచో మందు ఒక్కటే: జీవితాంతము గోధుమను, బార్లీని విడుచుట. "పండుగనాడు ఒక్క కాజా" అనుటకు వీలులేదు. కొద్దిపాటి పొడియు కలహమును రేపును. ఈ నియమము పంజాబువానికి కఠోరమైన తపస్సు. మనకో, తాతముత్తాతల భోజనమే! అన్నము, ఇడ్లీ, అట్టు, పెసరట్టు, బియ్యపునూక ఉప్మా, రాగి జావ, జొన్నరొట్టె, సజ్జలు, కొర్రలు, అరిసెలు, సున్నుండలు, పూర్ణపు బూరెలు, ఇంట చేసిన పూతరేకులు, అన్నియు తినవచ్చును. అయితే దొంగదారులను కనిపెట్టవలెను. అంగడి ఇంగువలో తరచుగా గోధుమపిండి కలిసియుండును. పులిహోరలో గోధుమ ఉండునని ఎవరూహింతురు? జ్వరపడినవారికిచ్చు బార్లీనీళ్ళు, మాల్టు పానీయపు పొడులు, సేమ్యా, పట్టణపు సోయా రసము అట్టివే. పూతరేకుల లోపల మాల్టు పొడి చల్లినచో అదియు నిషిద్ధమే. పిండిమరలో గోధుమ ఆడించిన వెంటనే జొన్నలు పోసినచో గోధుమపిండి కలియక తప్పదు. మర శుభ్రము చేయించియో, ఇంటనే విసరియో తెచ్చుకొనవలెను. పూరీలు వేచిన నూనెలో గారెలు వేయరాదు. అంగడి వస్తువుపై గ్లూటెను లేదని ముద్రింపవలెనన్నచో, మన దేశపు నిబంధన ప్రకారము కిలోకు 20 మిల్లీగ్రాములకు తక్కువ యుండవలెను. ఆ చీటీని చదువుడు.

నియమము తప్పకున్నచో కొన్ని వారములలోనే ఆకలి పుట్టును, బిడ్డ నవ్వును, తూకము పెరుగును. ప్రేగు పూర్తిగా బాగుపడుటకు పెద్దలలో ఒకటి రెండు వత్సరములు పట్టవచ్చును. ఆశాభంగము పొందరాదు.

చివరగా ఒక హెచ్చరిక. నేడు గోధుమను నిందించుట కొందరికి వేడుకయైనది. వ్యాధి లేనివారు గోధుమ మానినందువలన అదనపు లాభము లేదు. గ్లూటెను లేదని ముద్రించిన ఖరీదైన బిస్కత్తులు మేలైన తిండి యనుకొని కొనుట వృథా. మధుమేహులు సైతము చపాతీ యనునంత మాత్రమున ఎన్ని తిన్నను చెల్లునని తలపరాదు. అన్నమైనను చపాతీయైనను కొలతయే ప్రధానము.

సోదరులారా, ఈ గ్రంథాలయ పాలకులకు నాదొక విన్నపము. పై చిహ్నములను ఒక పెద్ద కాగితముపై లావుపాటి అక్షరములతో వ్రాయించి, పత్రికలు చదువు బల్లయొద్దను, అంగన్‌వాడీ గోడపైనను అంటింపుడు. దాని తలపై "పరీక్షకు ముందు గోధుమ మానకుడు" అను వాక్యమును వ్రాయుడు. నూరుమంది చదివి, తొంబదితొమ్మిదిమందికి అది పనికిరాకున్నను నష్టములేదు. మిగిలిన యొక్క తల్లి తన బిడ్డ చిక్కిపోవుటకు దిష్టియు, గ్రహచారమును కారణములు గావని గ్రహించి, తగిన వేళకు వైద్యుని యొద్దకు పోయినచో, ఈ పఠనమందిరము ఇరువదియైదేండ్లు వెలిగించిన దీపము ఆ యింటిలోను వెలిగినట్లే.